కంటి సదస్సు వక్తల పేర్ల పక్కన అక్షరాలు: ఏది చదువు, ఏది పరీక్ష, ఏది సభ్యత్వం?

వాల్తేరు అప్‌ల్యాండ్స్ (ఇక్కడ రాసేవాళ్లవన్నీ మారుపేర్లే) అడిగిన ప్రశ్న:

సంక్రాంతి వెళ్లాక వచ్చే ఆదివారం సిరిపురం దగ్గర ఒక హాల్లో ఒకరోజు కంటి సంరక్షణ సదస్సు పెడుతున్నాం. వచ్చేది 120 మంది దాకా. సగం మంది బి.ఆప్టమ్ పిల్లలు. మిగతావాళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు విజన్ సెంటర్లలో (పల్లెల్లో ప్రాథమిక కంటి పరీక్ష కేంద్రాల్లో) పనిచేసే టెక్నీషియన్లు, పీహెచ్‌సీల్లో ఉండే ఆఫ్తాల్మిక్ ఆఫీసర్లు, ఓ పదిమంది కళ్లద్దాల షాపులవాళ్లు. ఐదుగురు వక్తలు ఒప్పుకున్నారు. బయోడేటాలు వచ్చాయి గానీ పేర్ల పక్కన ఉన్నదాంట్లో సగం నాకు అంతుపట్టలేదు. పేర్లు తీసేసి పెడుతున్నాను.

మొదటాయన: ఎంబీబీఎస్, ఎం.ఎస్., ఎఫ్‌ఆర్‌సీఎస్ గ్లాస్గో, ఎఫ్‌ఐసీఓ, "ఇంటర్నేషనల్ ఫెలో - రెటీనా".
రెండో ఆవిడ, అమెరికా నుంచి పండక్కి వస్తున్నారు: ఓడీ, ఎం.ఎస్., ఎఫ్‌ఏఏఓ, "ఏబీఓ సర్టిఫైడ్".
మూడో ఆయన: ఎంబీబీఎస్, డీఓ, డీఎన్‌బీ, "ఫేకో ఫెలోషిప్".
నాలుగో ఆవిడ: బి.ఆప్టమ్, ఎం.ఆప్టమ్, పీహెచ్‌డీ, ఎఫ్‌ఐఏసీఎల్‌ఈ.
ఐదో ఆయన: బీఏఎంఎస్, ఎం.ఎస్. శాలాక్య తంత్ర.

ముగ్గురికి ఎం.ఎస్. ఉంది. ముగ్గురిదీ ఒకటే చదువా? ఎవరికి ఏ అంశం ఇస్తే నప్పుతుంది? ఇవన్నీ సరైనవేనా అని వాళ్లు నొచ్చుకోకుండా చూసుకునేదెలా? ఆహ్వాన పత్రికలో ఎవరి పేరు ముందు "డా." వేయాలి? పత్రిక ప్రింటుకి పది రోజుల టైముంది.


రెటినోస్కోపు:

ముందు వరసని ఎడమవైపు నుంచి చదవడం అలవాటు చేసుకోండి. మనందరి కళ్లూ కుడివైపు కొసన మెరిసేవాటి మీదకే పోతాయి, తికమక అక్కడే మొదలవుతుంది. మనిషి ఏ వృత్తివాడో చెప్పేది మొదటి డిగ్రీ. ఎంబీబీఎస్ అయితే వైద్యుడు. బి.ఆప్టమ్ గానీ ఓడీ గానీ అయితే ఆప్టోమెట్రిస్టు, అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు, లెన్సులు రాసే నిపుణుడు. బీఏఎంఎస్ అయితే ఆయుర్వేద వైద్యుడు. తర్వాత తగిలించుకున్నవేవీ ఆ మొదటి గీతని చెరపలేవు.

మీ ముగ్గురి ఎం.ఎస్.లూ మూడు రకాలు. మొదటాయనది మాస్టర్ ఆఫ్ సర్జరీ. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, ఆపైన నేత్ర వైద్యంలో మూడేళ్లు. అమెరికా ఆవిడది మాస్టర్ ఆఫ్ సైన్స్ అయి ఉంటుంది. అక్కడ ఓడీ చదువుతూనే విజన్ సైన్స్ లాంటి సబ్జెక్టులో పరిశోధన చేసి ఎం.ఎస్. తీసుకునేవాళ్లుంటారు. దానికీ శస్త్రచికిత్సకీ సంబంధం లేదు. ఐదో ఆయనది ఆయుర్వేదంలో మూడేళ్ల పీజీ. చెవి, ముక్కు, గొంతు, కన్ను, దంతాలు, అంటే మెడపైన ఉన్నవన్నీ శాలాక్యం కిందకే వస్తాయి. పత్రికలో మూడింటినీ ఒట్టి "ఎం.ఎస్." అని వేశారంటే చదివేవాడు ముగ్గురూ శుక్లాల సర్జన్లే అనుకుంటాడు. "ఎం.ఎస్. ఆఫ్తాల్మాలజీ", "ఎం.ఎస్. విజన్ సైన్స్", "ఎం.ఎస్. ఆయుర్వేద శాలాక్యం" అని విడివిడిగా వేయించండి. రెండో దాంట్లో సబ్జెక్టు పేరు మాత్రం ఆవిణ్నే అడిగి వేయండి.

ఎం.డి. అని కనపడినా ఇదే జాగ్రత్త కావాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి పీజీ డిగ్రీ పేరే ఎం.డి., అది బయటి ఎం.ఎస్.కి సమానం. అమెరికా ఎం.డి. వైద్యంలో మొదటి డిగ్రీ, మన ఎంబీబీఎస్ మెట్టు. రష్యా, ఫిలిప్పీన్స్ ఎం.డి. కూడా అంతే. కాబట్టి విదేశీ ఎం.డి. కనపడితే "కళ్ల స్పెషలైజేషన్ ఎక్కడ చేశారు?" అన్నది రెండో ప్రశ్న. అమెరికాలోనైతే దానికి ఏడాది ఇంటర్న్‌షిప్, మూడేళ్ల రెసిడెన్సీ పడుతుంది.

మూడో ఆయన డీఓ అంటే డిప్లొమా ఇన్ ఆఫ్తాల్మాలజీ, రెండేళ్లది. డిప్లొమా ఉన్నవాళ్లు డీఎన్‌బీ, అంటే జాతీయ పరీక్షల బోర్డు పీజీ, రెండేళ్లలో చేస్తారు, ఎంబీబీఎస్ నుంచి నేరుగా వెళితే మూడేళ్లు. ఆ లెక్కన ఆయన పీజీలో నాలుగేళ్లు కూర్చున్నారు. వరసలో డీఓ చూసి తక్కువ చేయకండి. అమెరికాలో అవే అక్షరాలుంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్, అదింకో దారి.

ఇప్పుడు మొదటాయన కుడివైపు భాగం. ఎఫ్‌ఆర్‌సీఎస్ గ్లాస్గో అంటే స్కాట్లండ్‌లోని గ్లాస్గో రాయల్ కాలేజీ పెట్టే, విడతల వారీగా రాసే పరీక్ష. చదివి పాసవ్వాలి, తేలికేమీ కాదు. అయితే అది గ్లాస్గోలో ఉండి శిక్షణ పొందినట్టు కాదు. ఎఫ్‌ఐసీఓ కూడా పరీక్షలదే: అంతర్జాతీయ నేత్రవైద్య మండలి, అంటే ఐసీఓ, పెట్టేవన్నీ గట్టెక్కితే వచ్చే బిరుదు. ఆ మండలే ఇంకోవైపు యువ వైద్యుల్ని మూడు నెలలు విదేశీ ఆసుపత్రికి పంపే ఫెలోషిప్ కూడా ఇస్తుంది. పేర్లు దగ్గర దగ్గరగా ఉండేసరికి ఒకటి రాసినవాళ్లకి రెండోది ఉన్నట్టు పత్రికల్లో పడిపోతుంటుంది. "ఇంటర్నేషనల్ ఫెలో - రెటీనా" అన్నది ఈ మూడు నెలలదా, ఏడాది శిక్షణా, లేక చూసి వచ్చే అబ్జర్వర్‌షిప్పా అన్నది అడిగితేనే తెలుస్తుంది. అమెరికాలో అబ్జర్వర్‌షిప్ అంటే పక్కన నిలబడి చూడటమే, రోగి మీద చేయి వేయనివ్వరు.

అసలు "ఫెలో" అన్న మాట మన రంగంలో మూడు పనులు చేస్తోంది: శిక్షణ, పరీక్ష, సభ్యత్వం. రెటీనా, కార్నియా, గ్లకోమా లాంటి సబ్‌స్పెషాలిటీల్లో పెద్ద సంస్థల పూర్తి ఫెలోషిప్ ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నడుస్తుంది. జాతీయ పరీక్షల బోర్డు రెటీనాలో ఇచ్చే ఎఫ్‌ఎన్‌బీ రెండేళ్లది. అదే "ఫేకో ఫెలోషిప్" (ఫేకో అంటే శుక్లం తీసే ఒక ఆపరేషన్ పద్ధతి) అని రాసి ఉంటే నెల నుంచి మూడు నెలల కోర్సు కూడా కావచ్చు. రెండూ పనికొచ్చేవే. కాకపోతే రెండేళ్లవాడి చేత "క్లిష్టమైన కేసుల్లో ఏం చేయాలి" అని చెప్పించుకోవచ్చు, మూడు నెలలవాడి చేత "నేర్చుకునేటప్పుడు ఎక్కడ తడబడతాం" అని చెప్పించుకోవచ్చు. రెండోది మీ సభకి మరీ అక్కర్లేదు లెండి, మీవాళ్లెవరూ ఆపరేషన్లు చేయరు కదా.


లెన్సోమీటరు:

ఆప్టోమెట్రీ వైపు సంగతులు నేను చెబుతాను.

ఓడీ అంటే డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ. అమెరికాలో డిగ్రీ అయ్యాక నాలుగేళ్ల కోర్సు, జాతీయ బోర్డు పరీక్షలు, ఆపైన రాష్ట్రం లైసెన్సు. ఏడాది రెసిడెన్సీ ఐచ్ఛికం. అది చేసినవాళ్లు ఏ విభాగంలో చేశారో రాస్తారు: కంటి జబ్బులా, పిల్లల చూపా, కాంటాక్ట్ లెన్సులా అని. అంశం ఎంచుకోవడానికి మీకు పనికొచ్చే ముక్క అదే. (కళ్లద్దాల చీటీలో ఓడీ అంటే కుడి కన్ను. షాపులవాళ్లు ఆ జోకు ఎలాగూ వేస్తారు, సిద్ధంగా ఉండండి.)

ఎఫ్‌ఏఏఓ అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్టోమెట్రీ ఫెలో. 1922లో పుట్టిన సంస్థ. కేసు రిపోర్టులో పరిశోధనలో రాసి పంపి, వార్షిక సమావేశంలో ఎదురుగా కూర్చుని మౌఖిక పరీక్ష ఇస్తేనే వస్తుంది. చందా కట్టి తెచ్చుకునేది కాదు. ఇబ్బందల్లా ఏఏఓ అనగానే మనవాళ్లకి అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ గుర్తుకురావడం. అది సర్జన్లది.

అసలు చిక్కు "ఏబీఓ సర్టిఫైడ్" దగ్గర ఉంది. ఆ అక్షరాలతో అమెరికాలో మూడు బోర్డులున్నాయి. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ 1916 నాటిది, అక్కడ వైద్య స్పెషాలిటీ బోర్డుల్లో మొట్టమొదటిది, కంటి వైద్యులకి. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఆప్టోమెట్రీ ఓడీలకి. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఆప్టీషియన్రీ కళ్లద్దాలు బిగించేవాళ్లకి. ఆవిడ ఓడీ కాబట్టి రెండోదే అయి ఉండాలి, అయినా పత్రికలో పూర్తి పేరు వేయండి. మూడక్షరాలు వేస్తే మీ సభలో ఒకరు సర్జన్ అనుకుంటారు, ఇంకొకరు షాపు టెక్నీషియన్ అనుకుంటారు.

నాలుగో ఆవిడ దారి పూర్తిగా మన దేశంలోది: బి.ఆప్టమ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు, ఎం.ఆప్టమ్ రెండేళ్లు, ఆపైన పరిశోధన. ఎఫ్‌ఐఏసీఎల్‌ఈ అంటే కాంటాక్ట్ లెన్స్ అధ్యాపకుల అంతర్జాతీయ సంఘం ఫెలో. 1979 నుంచి ఉన్న సంఘం, దాని ఫెలోషిప్ పరీక్ష కాంటాక్ట్ లెన్సులు పాఠంగా చెప్పేవాళ్ల కోసమే పెట్టారు. మీ ఐదుగురిలో "బోధన" అన్నది బిరుదులోనే ఉన్నది ఈవిడొక్కరికే. అది గమనించారా?

పీహెచ్‌డీ ఉంటే సిద్ధాంత వ్యాసం శీర్షిక అడగండి. "ఆప్టోమెట్రీలో పీహెచ్‌డీ" అంటే ఏమీ తెలియదు. పిల్లల్లో మయోపియా (దూరం చూపు మసకబారడం) పెరుగుదల మీద చేసినావిడ చేత కెరటోకోనస్ (కార్నియా శంకువులా పొడుచుకొచ్చే జబ్బు) లెన్సుల గురించి చెప్పిస్తే పుస్తకంలో ఉన్నదే చదువుతారు. అదే మయోపియా మీద అడిగితే గంటసేపు చీటీ లేకుండా మాట్లాడతారు.

ఆప్టోమెట్రిస్టు అంటే సర్జన్ కింద మెట్టు అనుకునేవాళ్లు మీ కమిటీలో ఉంటే వాళ్లకి బ్రియన్ హోల్డెన్ సంగతి చెప్పండి. ఆస్ట్రేలియా ఆప్టోమెట్రిస్టు, సర్జన్ కాదు. 1984లో మెర్ట్జ్‌తో కలిసి ఆయన తేల్చిన లెక్క ఇప్పటికీ ప్రతి కాంటాక్ట్ లెన్స్ పాఠంలో వస్తుంది: కార్నియా మామూలు కన్నా ఎక్కువ వాచకుండా ఉండాలంటే పగలు పెట్టుకునే లెన్సుకి ఆక్సిజన్ ప్రసరణ అంకె కనీసం 24, రాత్రి కూడా ఉంచుకునేదానికి 87 ఉండాలని. మన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన ఆప్టోమెట్రీ విద్యా విభాగానికి పెట్టుకున్నది ఆయన పేరే.


హనుమంతవాక:

డీఓల గురించి రెటినోస్కోపు గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. మెడికల్ కాలేజీల్లో పాత డిప్లొమా సీట్లని చాలావరకు డిగ్రీ సీట్లుగా మార్చేశారు. 2020 నుంచి జాతీయ పరీక్షల బోర్డు విడిగా రెండేళ్ల డిప్లొమా నడుపుతోంది. అందువల్ల నలభై దాటినవాళ్ల పేర్ల పక్కనే డీఓ ఎక్కువ కనిపిస్తుంది. కుర్రవాళ్లకి ఉంటే అది ఎక్కువగా బోర్డు డిప్లొమాయే.

శాలాక్య ఆయన సంగతి ఎవరూ సరిగ్గా తేల్చలేదు. ఆయన్ని పిలవడంలో తప్పేమీ లేదు. కంటి మంట, పొడిబారడం, కంప్యూటర్ పని వల్ల వచ్చే అలసట విషయంలో ఆయుర్వేదం ఏమంటుందో చెప్పమంటే పిల్లలు వింటారు. కానీ నీటికాసుల మందులు, రెటీనా ఇంజెక్షన్లు ఆయన సబ్జెక్టు కాదు. ఒకే సెషన్లో ఆయన్ని, రెటీనా సర్జన్ని పక్కపక్కన కూర్చోబెట్టి "మధుమేహంలో కన్ను" అని అంశం ఇస్తే మీ ప్రశ్నల పావుగంట వాదులాటకే సరిపోతుంది.


పోడియం పక్కన:

సదస్సులు నడిపే వైపు నుంచి చెబుతాను.

నొచ్చుకోవడం గురించి: ఒక్కరినే అడిగితే నొచ్చుకుంటారు, ఐదుగురికీ ఒకే ఫారం పంపితే ఎవరూ ఏమీ అనుకోరు. "కార్యక్రమ పుస్తకం అందరికీ ఒకే తీరులో ఉండాలని ఈ వివరాలు కోరుతున్నాం" అని పైన ఒక వాక్యం చాలు. ఫారంలో అడగాల్సినవి: ప్రతి డిగ్రీ పూర్తి పేరు, ఇచ్చిన సంస్థ, సంవత్సరం, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ కౌన్సిల్‌ది, ఫెలోషిప్ అయితే ఎన్ని నెలలు, ఏ విభాగం, సొంతంగా కేసులు చేశారా చూశారా, ఇప్పుడు వారంలో ఎన్ని రోజులు ఏ క్లినిక్ చూస్తున్నారు, గత మూడేళ్లలో ఏ కంపెనీ నుంచైనా ఉపన్యాస రుసుమో, ప్రయాణ ఖర్చులో, సలహాదారు జీతమో అందాయా. ఇప్పుడు ఏ క్లినిక్ చూస్తున్నారన్న ప్రశ్నని చాలామంది నిర్వాహకులు వదిలేస్తారు. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. పదిహేనేళ్ల కిందట రెటీనా ఫెలోషిప్ చేసి ఇప్పుడు శుక్లాలు మాత్రమే చేస్తున్న ఆయన చేత రెటీనా చెప్పిస్తే పదిహేనేళ్ల కిందటి రెటీనాయే వినబడుతుంది.

సరిచూసుకోవడం: వైద్యులకి జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంది, నంబరు కొట్టి వెతకొచ్చు. రెండు చోట్ల పొరపాటు పడతారు. మొదటిది, పీజీ చేసినా దాన్ని కౌన్సిల్లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోని వాళ్లుంటారు, అక్కడ ఎంబీబీఎస్ ఒక్కటే కనిపిస్తుంది. అంతమాత్రాన ఎం.ఎస్. అబద్ధం అయిపోదు. సర్టిఫికెట్ నకలు అడగండి. రెండోది, 2014కి ముందు నమోదైన మనవాళ్లంతా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ కింద ఉంటారు. విశాఖలో చదివి హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లని తెలంగాణ జాబితాలో వెతికి "లేరు" అనుకోకండి. ఆప్టోమెట్రిస్టులకి వైద్యుల రిజిస్టర్ లాంటిది మన దగ్గర ఇన్నాళ్లూ లేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం 2021లో వచ్చింది, ఆప్టోమెట్రీ అందులోనే ఉంది. ప్రస్తుతానికి మాత్రం విశ్వవిద్యాలయం డిగ్రీ నకలే ఆధారం. అమెరికా ఆవిడ విషయం ఇంకా సులువు: రాష్ట్ర బోర్డు లైసెన్సు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు, ఎఫ్‌ఏఏఓల జాబితా అకాడమీ సైట్లో ఉంటుంది.

పబ్‌మెడ్‌లో పరిశోధన పత్రాలు వెతికేటప్పుడు మన ఇంటిపేర్లు తికమక పెడతాయి. ఎల్వీ ప్రసాద్ సంస్థ స్థాపించిన గుల్లపల్లి నాగేశ్వరరావు గారి పత్రాలు గుల్లపల్లి అని వెతికితే అన్నీ దొరకవు. చివరి మాట ఇంటిపేరు అనుకునే పద్ధతిలో ఆయన అక్కడ "రావు జీ.ఎన్." అయ్యారు. ఆ పేరుతో ఇంకెంతమందో ఉంటారు కాబట్టి సంస్థ పేరు కూడా కలిపి వెతకాలి. మీ వక్తలకి ఆర్‌సిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఉంటే అడగండి, ఈ గొడవ ఉండదు. ఎలాగూ ఆయన ప్రస్తావన వచ్చింది కాబట్టి, బయోడేటా ఎడమ నుంచి చదవడమంటే ఏమిటో ఆయనదే చూడండి: గుంటూరు మెడికల్ కాలేజీ, ఢిల్లీ ఎయిమ్స్‌లో పీజీ, బోస్టన్‌లోనూ రోచెస్టర్‌లోనూ కార్నియా, ఆ తర్వాత హైదరాబాద్‌లో సంస్థ. ప్రతి మెట్టూ ముందుదాని మీద నిలబడి ఉంది, ఎక్కడా ఎగిరి దూకింది లేదు. బయోడేటాలో గెంతు కనిపించిన చోట ప్రశ్న అడగాలి.

"డా." సంగతి: ఎంబీబీఎస్, బీఏఎంఎస్, ఓడీ, పీహెచ్‌డీ నలుగురికీ వేయొచ్చు, మీ ఐదుగురికీ ఏదో ఒకటి ఉంది. వేసినప్పుడు మాత్రం పేరు కిందే వృత్తి కూడా వేయండి: నేత్ర వైద్యులు, ఆప్టోమెట్రిస్టు, ఆయుర్వేద వైద్యులు. పేర్ల వరస హోదాని బట్టి కాకుండా కార్యక్రమంలో మాట్లాడే క్రమంలో వేస్తే ఎవరి పేరు పైన అన్న పేచీ రాదు. 2002 నాటి వైద్యుల నీతి నియమావళి ప్రకారం ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేనివాడు స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. ఆ తప్పు వక్త చేయకపోయినా అత్యుత్సాహంతో మీ బ్యానర్ చేయగలదు. "30 వేల ఆపరేషన్లు చేసిన", "ఆంధ్రాలో మొట్టమొదటి" లాంటివి మీరు సరిచూడలేరు, తీసేయండి.

డబ్బు సంగతి: కాంటాక్ట్ లెన్సులు, కంటి చుక్కల కంపెనీల్లో ఉద్యోగం చేస్తూ పాఠాలు చెప్పే నిపుణులు ఉన్నారు. చాలా బాగా చెబుతారు కూడా. మొదటి స్లైడులో "ఫలానా కంపెనీతో నాకు ఈ సంబంధం ఉంది" అని వేస్తే చాలు. వేయకుండా ఒక్క బ్రాండ్ లెన్సే ఇరవై స్లైడుల్లో కనిపిస్తే పిల్లలకి పాఠం కాదు, ప్రకటన అందుతుంది. స్లైడులు మూడు రోజుల ముందే తెప్పించుకుని బ్రాండ్ పేర్లు లెక్కపెట్టండి.

పరిచయ వాక్యాలు 60 మాటలు దాటనివ్వొద్దు. అదే ముప్పావు నిమిషం అవుతుంది. చదివే అమ్మాయికి ఎఫ్‌ఐఏసీఎల్‌ఈ లాంటివి ఎలా పలకాలో ముందురోజే చెప్పండి.


వాల్తేరు అప్‌ల్యాండ్స్:

అందరికీ ధన్యవాదాలండి. ఫారం ఇవాళే పంపించేశాను. ఇంకో మూడు ముక్కలు. అమెరికా ఆవిడ మధ్యాహ్నం కొందరు రోగుల్ని కూడా చూస్తానంటున్నారు, చూడనివ్వొచ్చా? మొదటాయన తన పేరు ముందు "ప్రొఫెసర్" అని వేయమన్నారు, ఫలానా కాలేజీలో "విజిటింగ్" అట. ఇక మా కమిటీలో ఒకరు మేక కళ్లు తెప్పించి వెట్‌ల్యాబ్ (జంతువుల కళ్ల మీద ఆపరేషన్ సాధన) పెడదామంటున్నారు.


రెటినోస్కోపు:

రోగుల్ని చూడటం: వద్దు. ఉపన్యాసం వేరు, పరీక్ష చేసి సలహా ఇవ్వడం వేరు. విదేశీ లైసెన్సు ఇక్కడ చెల్లదు. విదేశీ వైద్యుడైనా ఇక్కడ రోగి మీద చేయి వేయాలంటే జాతీయ వైద్య కమిషన్ తాత్కాలిక అనుమతి కావాలి. రోగుల ఫొటోలు, స్కాన్లు తెరమీద వేసి "మీరైతే ఏం చేస్తారు?" అని ఆవిడ చేత చర్చ నడిపించండి. పిల్లలకి అదే ఎక్కువ ఉపయోగం. ఆ ఫొటోల్లో పేరు, ఆసుపత్రి నంబరు, గుర్తుపట్టేలా ముఖం లేకుండా చూసుకోండి. ఓసీటీ (రెటీనా పొరలు చూపే స్కాన్) ప్రింటు పైమూలన పేరు, పుట్టినతేదీ ఉంటాయి, కత్తిరించడం అందరూ మరిచిపోయేది అక్కడే.

ప్రొఫెసర్: మెడికల్ కాలేజీలో ఈ మెట్లకి లెక్క ఉంది. 2022 నాటి అర్హతల నిబంధనల ప్రకారం పీజీ తర్వాత ఏడాది సీనియర్ రెసిడెంట్, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా నాలుగేళ్లు, అసోసియేట్‌గా మూడేళ్లు, వీటితోపాటు ప్రచురించిన పత్రాలు, పరిశోధన పద్ధతుల మీదా బోధన పద్ధతుల మీదా ప్రాథమిక కోర్సులు. 2025లో వచ్చిన నిబంధనలు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన స్పెషలిస్టులకి దారి కొంత తేలిక చేశాయి. విజిటింగ్, అడ్జంక్ట్ అన్నవి ఈ మెట్లలోవి కావు, సంస్థ గౌరవంగా పిలిచి పాఠం చెప్పించుకునే ఏర్పాట్లు. వేయొచ్చు, కానీ "విజిటింగ్" అన్న మాట మింగేయకుండా, సంస్థ పేరుతో సహా వేయాలి. 1923 నుంచి ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్న ఊరు ఇది. మీ సభలో ఎవరో ఒకరికి ఆ తేడా తెలిసే ఉంటుంది.

ఇంకొకటి గమనించండి. కాలేజీ ప్రొఫెసర్ అంటే పీజీలకి పాఠం చెప్పడం అలవాటైన మనిషి. మీ సభలో విజన్ టెక్నీషియన్లున్నారు, వాళ్లలో చాలామందిది ఏడాది శిక్షణ. వాళ్లకి కావలసింది మధుమేహ రోగిని ఎప్పుడు పైకి పంపాలి, ఎంత తొందరగా పంపాలి అన్నది. ఆయనకి "రెటీనాలో కొత్త పోకడలు" అన్న శీర్షిక ఇస్తే జీన్ థెరపీ దాకా వెళ్లిపోతారు. "విజన్ సెంటర్‌లో కనిపించే పది రెటీనా ఆనవాళ్లు: ఏది ఇవాళే పంపాలి, ఏది వారంలో" అని మీరే శీర్షిక రాసి ఇవ్వండి. నేపథ్యం ఎంత గొప్పదైనా శీర్షిక వదులుగా ఉంటే ఉపన్యాసం ఎటో పోతుంది.


లెన్సోమీటరు:

వెట్‌ల్యాబ్ ఆలోచన మానేయమనండి. మేక కన్ను సర్జన్లు చేయి తిప్పుకోవడానికి. అందులో లెన్సు మెత్తగా ఉంటుంది, దాని పొర సాగుతుంది, మనిషి శుక్లంలా ప్రవర్తించదు. పైగా తెల్లవారుజామున తెచ్చి మంచు మీద ఉంచకపోతే మధ్యాహ్నానికి కార్నియా మసకబారిపోతుంది. ఒక్కో బల్లకి మైక్రోస్కోపు కావాలి. 120 మంది ఆప్టోమెట్రీ వాళ్లకి దాంతో ఏం పని?

భోజనం తర్వాత ఉపన్యాసం పెట్టకుండా రెటినోస్కోపీ (కంట్లోకి వెలుగు వేసి కళ్లద్దాల అంకె తేల్చడం) బల్లలు వేయండి. బల్లకి ఆరుగురు, ఒక మోడల్ కన్ను, ఒక ట్రయల్ లెన్సుల పెట్టె, ఒక గురువు. ఒక్కసారి అందరినీ కూర్చోబెట్టలేరు కాబట్టి పది బల్లలు, రెండు విడతలు, విడతకి 40 నిమిషాలు. మిగతా సగం మంది ఆ సమయంలో అమెరికా ఆవిడ కేసుల చర్చలో ఉంటారు. ఎక్కువమంది తప్పు చేసేది పని దూరంలోనే, అంటే చూసే కంటికీ మనకీ మధ్య దూరంలో. 66 సెంటీమీటర్లలో కూర్చుంటే చివర్లో వచ్చిన లెన్సు అంకె నుంచి 1.50 తీసేయాలి, 50 దగ్గరైతే 2.00. చూస్తూ చూస్తూ తెలియకుండా ముందుకి వంగుతారు, లెక్కలో మాత్రం పాత అంకెనే తీసేస్తారు. బల్లకి 66 సెంటీమీటర్ల తాడు కట్టి వదిలేయండి.

ఆ పది బల్లలకీ గురువులుగా మీ ఐదుగురు వక్తలు సరిపోరు. ఇరవై ఏళ్లుగా పల్లె క్యాంపుల్లో రోజుకి అరవై డెబ్భై కళ్లు చూస్తున్న ఆఫ్తాల్మిక్ ఆఫీసర్లు మీ శ్రోతల్లోనే ఉన్నారు. పేరు పక్కన రెండేళ్ల డిప్లొమా ఒక్కటే ఉంటుంది. రెటినోస్కోపు పట్టుకుంటే మాత్రం ఎఫ్‌ఆర్‌సీఎస్ గారి కన్నా వేగంగా, సరిగ్గా అంకె చెబుతారు. ఆయన దగ్గరికి రోగి వచ్చేసరికే ఎవరో రిఫ్రాక్షన్, అంటే కళ్లద్దాల అంకె పరీక్ష, చేసి పెట్టి ఉంటారు మరి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లలో పదిమందిని ఇప్పుడే అడిగి, వాళ్ల పేర్లు కూడా పత్రికలో "శిక్షకులు" అని వేయండి.


పోడియం పక్కన:

పైన చెప్పినదానికి ఒప్పుకుంటాను. ఆ పదిమందికి కూడా అదే ఫారం పంపండి, తేడా చూపకుండా.

అంశాల పంపిణీ నేనైతే ఇలా చేస్తాను. నాలుగో ఆవిడకి పొద్దున మొదటి ఉపన్యాసం, కాంటాక్ట్ లెన్స్ వేసేటప్పుడు జరిగే తప్పులు. మూడో ఆయనకి, శుక్లం ఆపరేషన్ తర్వాత విజన్ సెంటర్‌కి తిరిగొచ్చిన రోగిలో ఏం చూడాలి. చూపు ఉన్నట్టుండి తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి మొదలైనా ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపాలన్నది ఆయన నోట రావాలి. మొదటాయనకి రెటినోస్కోపు గారు రాసిచ్చిన శీర్షిక. శాలాక్య ఆయనకి భోజనానికి ముందు 20 నిమిషాలు, పొడి కళ్లు. మిగిలిన ముగ్గురికీ 25 నిమిషాలు మాట, 10 నిమిషాలు ప్రశ్నలు. అమెరికా ఆవిడకి మధ్యాహ్నం కేసుల చర్చ రెండు విడతలు.

నిరంతర వైద్య విద్య కింద కౌన్సిల్ ఇచ్చే క్రెడిట్ గంటలు కావాలంటే దరఖాస్తు ముందే పెట్టాలి, పది రోజులంటే ఇప్పటికే ఆలస్యం. అయిదేళ్లలో 30 గంటలన్న లెక్క వైద్యులకే కాబట్టి మీ శ్రోతలకి దాంతో పని లేదు, దాని మీద సమయం పెట్టకండి. ప్రింటుకి పంపేముందు ప్రూఫులో ఒక్కసారి "ఏబీఓ" కోసం వెతకండి. డీటీపీ కుర్రాడు పాత బయోడేటా నుంచే కాపీ చేసి ఉంటాడు.